గోబర్ గ్యాసులో గంధకపు గొడవ



రెండేళ్ల కిందట ఇదే సభలో, మన వసతిగృహం వంటింటికి గోబర్ గ్యాసు పెట్టించామని గొప్పగా చెప్పుకున్నాం. ఇవాళ ఆ గొప్ప కాస్త తగ్గించుకొని మాట్లాడవలసి వచ్చింది. డ్రమ్ము తుప్పుపట్టి చిల్లులు పడింది.

జశ్‌భాయ్ పటేల్ గారు రూపొందించగా, ఖాదీ కమిషన్ 1960ల నుంచి దేశమంతటా వ్యాప్తి చేసిన తేలే డ్రమ్ము రకమే మనది. తప్పు దానిది కాదు, మాది. పేడ కలపడానికి ఉప్పుబోరు నీళ్లు వాడాం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది; మన తీరంలో బోర్లకూ ఆ పాలు కొంత అంటుతుంది. దాన్ని వాడుకొనే సూక్ష్మజీవులు మీథేను చేసేవాటి మేత లాక్కొని, హైడ్రోజన్ సల్ఫైడును వదులుతాయి. రొయ్యల గుంటల అడుగు నల్లబురద కంపు కూడా ఇదే. పైగా మాంసం దుకాణాల వ్యర్థం కూడా వేశాం. అందులోనూ గంధకం ఉంది.

ఇది ఒట్టి కంపు కాదండీ, విషం. గాలిలో 10 లక్షల పాళ్లకు 100 పాళ్లు దాటితే ముక్కు మొద్దుబారుతుంది. వాసన పోయింది గదా అని గుంటలో దిగినవాడు మళ్లీ పైకి రాకపోవచ్చు.

విరుగుడూ సూక్ష్మజీవులే. గ్యాసులోకి కొద్దిగా గాలి పంపితే థయోబాసిల్లస్ వంటివి సల్ఫైడును పచ్చని గంధకంగా మార్చేస్తాయి. 2 లీటర్ల సల్ఫైడుకు 1 లీటరు ఆక్సిజన్ చాలు. 1000 లీటర్ల గ్యాసులో 3 లీటర్ల సల్ఫైడుంటే, కాగితం లెక్కకు 7 లీటర్ల గాలి. ఆచరణలో నూటికి 2 నుంచి 6 పాళ్లు పంపుతారు, ఎందుకంటే ఆక్సిజనంతా వాటికి అందదు. ఎక్కువైతేనో? గంధకంతో ఆగక సల్ఫేటు దాకా పోతుంది, దానికి నాలుగింతలు ఆక్సిజన్ కావాలి, చివరికి ఆమ్లమై ఇనుమునే తింటుంది. ఇంకా మితిమీరితే పేలుడు భయం.

మేత రోజూ ఒకటి కాదు గదా! పండగనాడు వేసేది వేరు, మామూలు రోజు వేరు. అందుకే శాస్త్రజ్ఞులు ఈ జీవులు ఎంత వేగంగా పెరుగుతాయో, ఆక్సిజన్ ఎంత వేగంగా నీటిలో కరుగుతుందో సమీకరణాలు రాసి, ఏ గంటకు ఎంత గాలో కంప్యూటర్‌తో కట్టిస్తున్నారు. మనకు అంత సరంజామా లేదు. కనుక సైకిల్ పంపుతో గాలి కొట్టే ప్రయోగాలు ఎవరూ చేయవద్దు, పిల్లలు అసలే వద్దు.

ఇకమీదట చెరువు నీళ్లే కలుపుతాం. తుప్పుపట్టిన ఇనుపరజను డబ్బాలో పోసి గ్యాసును దానిగుండా పంపుతాం. మన డ్రమ్మును తిన్న తుప్పే ఈ విషాన్ని పట్టుకుంటుంది. వాడిన రజను గాలి తగిలితే వేడెక్కుతుంది, తడిపి పారేయాలి. ఫైబర్‌గ్లాసు డ్రమ్ముకు చందా పుస్తకం గుమ్మం దగ్గర బల్ల మీద ఉంచాం.