పన్నెండు వందల కిలోమీటర్ల సహయాత్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున విజ్ఞానదీపమును ఆరనీయక కాపాడుచున్న ఈ గ్రంథాలయపు రజతోత్సవమున నాలుగు మాటలు చెప్పు భాగ్యమును నాకు కలిగించిన కార్యవర్గము వారికి కృతజ్ఞుడను. సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో నేను ప్రసంగింతునని మీలో పలువురు తలచియుందురు. ఆ విషయములను నాకంటె బాగుగ చెప్పగల పెద్దలు ఈ వేదికపై కలరు. నేను మన యిండ్ల గోడలకు చేరవేసియుండు సైకిలును గూర్చి చెప్పదలచితిని. వేలమంది సైకిళ్లపై ఒక దేశమును సగము అడ్డముగా దాటి, సముద్రతీరమును చూచి, మరల బయలుదేరిన చోటికి వచ్చు యాత్ర యొకటి ఫ్రాన్సు దేశమున కలదు. దాని పేరు పారిస్–బ్రెస్ట్–పారిస్. ఒక గొప్ప కార్యమునకు కొలత యేది, అందరికంటె ముందు చేరుటయా, లేక ఎక్కువమంది చేరుటయా యను ప్రశ్నకు ఆ యాత్ర చరిత్రయందు మంచి సమాధానము కలదు. గ్రంథాలయమును నడపువారికి కూడ ఆ ప్రశ్న పనికివచ్చునదే.

బ్రెస్ట్ అనునది ఫ్రాన్సు పడమటి కొసన, అట్లాంటిక్ మహాసముద్రపు ఒడ్డున నున్న రేవుపట్టణము. పారిస్ నుండి అచటికి సుమారు 600 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు 1200 కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పవలెనన్న, హైదరాబాదు నుండి విశాఖపట్టణమునకు పోయి మరల హైదరాబాదు చేరినంత దూరము.

1891వ సంవత్సరమున ఇది పందెముగా ఆరంభమైనది. ‘ల పెతి జూర్నాల్’ అను దినపత్రికకు చెందిన పియెర్ జిఫార్ దీనిని ఏర్పాటు చేసెను. సైకిలు కేవలము వినోదవస్తువు కాదనియు, దూరప్రయాణమునకు తట్టుకొనగల సాధనమనియు లోకమునకు చూపుట ఆయన యుద్దేశము. కావుననే బయలుదేరిన సైకిలుతోనే తిరిగి రావలెనని నియమము పెట్టి, వాహనములకు ముద్రలు వేయించిరి. సెప్టెంబరు 6వ తేదీ యుదయమున రెండు వందలకు పైగా జనులు బయలుదేరిరి. షార్ల్ తెరోన్ అను నాతడు మూడు రాత్రులు నిద్ర మాని, ముందున్న ప్రత్యర్థి నిద్రించుచుండగా వానిని దాటి, 71 గంటల 22 నిమిషములలో పారిస్ చేరి గెలిచెను. తక్కినవారు పలు దినములపాటు ఒక్కొక్కరుగా వచ్చుచుండిరి. తుదకు చేరినవారు సుమారు నూరుగురు మాత్రమే.

ఈ పందెమువలన మనకు కలిగిన మేలొకటి కలదు. డన్‌లప్ గాలి టైరునకు 1888లో పేటెంటు పొందెనుగాని, ఆనాటి గాలి టైరులను చక్రమునకు అంటించెడివారు. పంక్చరు పడినచో దానిని విప్పి బాగుచేయుట పెద్ద పని. మిషెలిన్ సోదరులు సులభముగ విప్పదగిన టైరును చేసి తెరోన్ సైకిలుకు తొడిగించిరి. ఆతడు గెలువగా ఆ పద్ధతికి పేరు వచ్చినది. నేడు మన బజారులో పంక్చరు వేయు నాతడు టైరు అంచును లేపి, ట్యూబును వెలికి లాగి, నీళ్ల తొట్టిలో ముంచి చూచుచున్నాడన్న, అది ఆ మార్గమున వచ్చిన సౌకర్యమే.

పందెము సుమారు పది సంవత్సరముల కొకసారి జరుగుచు వచ్చినది. 1901లో మోరిస్ గారెన్ 52 గంటలకు కొంచెము పైగా తీసికొనెను. 1951లో మోరిస్ దియో 38 గంటల 55 నిమిషములలో ముగించెను. కాలము ఇట్లు తగ్గుచున్న కొలది పందెగాండ్రకు దీనియందు ఆసక్తి కూడ తగ్గినది. ఇంత సుదీర్ఘమైన పందెమునకు ప్రత్యేకముగా సాధన చేయుట వారికి గిట్టుబాటు కాలేదు. 1951 తరువాత పందెము జరుగలేదు.

అయినను యాత్ర నిలిచిపోలేదు. దానిని నిలిపినవారు సామాన్యులు. అది యెట్లు జరిగెనో చెప్పెదను.

1897లో ఇటలీ దేశమున కొందరు మిత్రులు రోము నుండి నేపుల్సు వరకు 230 కిలోమీటర్లు ఒక్క పగటిలో సైకిళ్లపై పోవలెనని పూనుకొనిరి. అటువంటి వారికి ‘ఆడాక్స్’ అని పేరు వచ్చినది. లాటిను భాషలో ఆ మాటకు సాహసి యని యర్థము. 1904లో ఆన్రి దెగ్రాంజ్ ఈ పద్ధతిని ఫ్రాన్సునకు తెచ్చెను. ఇందు అందరును ఒక గుంపుగా పోవలెను. ముందు ఒక నాయకుడుండి వేగమును నిర్ణయించును. ఆతనిని దాటి పోరాదు. బలవంతుడు తన బలమును అణచుకొనవలెను. బలహీనుడు గుంపును విడువకుండ పట్టుకొనవలెను. భోజనమునకును, నిద్రకును గంటలు ముందే నిర్ణయింపబడి యుండును.

కాలక్రమమున అభిప్రాయభేదములు వచ్చి, 1921లో మరియొక పద్ధతి వెలసినది. ఇందు ఎవరి వేగము వారిది. గడువు మాత్రము అందరికి ఒక్కటే. 1931లో పందెగాండ్రతోపాటు ఈ రెండు పద్ధతుల సామాన్య యాత్రికులును బ్రెస్ట్ దారి పట్టిరి. 1891లో స్త్రీలను చేర్చుకొనుటకు నిరాకరించిన ఆ యాత్రలో 1931 నాటికి స్త్రీలును పాల్గొనిరి.

నేడు నాలుగు సంవత్సరముల కొకసారి జరుగు యాత్రలో ఎవరి వేగము వారిదే. 2019లోను, 2023లోను ఆరు వేలకు పైగా జనులు బయలుదేరిరి. వీరిలో అధికసంఖ్యాకులు కోరుకొను గడువు 90 గంటలు. 1200 కిలోమీటర్లను 90 గంటలచేత భాగించినచో గంటకు 13 కిలోమీటర్ల పైచిలుకు వచ్చును. ఇంతేనా యని మీరనవచ్చును. మన పాలవారు బిందెలు కట్టుకొని అంత వేగముతో పోవుదురు. కాని గడియారము ఆగదు. తినుట, నిద్రించుట, పంక్చరు వేసికొనుట, వానలో తడిసిన బట్టలు పిండుకొనుట, అన్నియు ఆ 90 గంటలలోనివే. త్రోవయంతయు ఎత్తుపల్లములు. ఎక్కిన గుట్టలన్నిటిని కూడినచో హిమాలయ శిఖరముల యెత్తును మించును.

ప్రతి యాత్రికునికి ఒక కార్డు ఇత్తురు. మార్గమధ్యమున నుండు తనిఖీ కేంద్రములలో నిర్ణీత కాలములోపల దానిపై ముద్ర వేయించుకొనవలెను. సహాయకుల బండి ఆ కేంద్రములకడ తప్ప దారిలో తోడు రాగూడదు. దీపములు లేనివానిని రాత్రి పోనీయరు. ఇంతకుముందు అదే సంవత్సరమున 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలను ముగించినవానికే ప్రవేశము. మొదట వచ్చినవానికి ప్రత్యేక బహుమానము లేదు. 50 గంటలలో వచ్చినను, 89 గంటలలో వచ్చినను గౌరవము ఒక్కటే.

ఎవరి వేగము వారిదన్నను, ఒంటరిగ పోవుట కష్టము. సైకిలు తొక్కువానికి మొదటి శత్రువు గాలి. ఒకని వెనుక మరియొకడు దగ్గరగా పోయినచో, వెనుకవానికి గాలి తాకిడి తగ్గి శ్రమలో మంచి భాగము కలిసివచ్చును. ముందువాడు అలసినప్పుడు ప్రక్కకు తొలగి వెనుకకు వచ్చును. రెండవవాడు ముందునకు పోవును. ఇట్లు వంతులవారీగా గాలిని పంచుకొనుచు, ఒకరి భాష ఒకరికి తెలియని వారు సైతము రాత్రియంతయు కలిసి ప్రయాణము చేయుదురు. వెనుకవానికి గుంట కనబడదు గనుక ముందువాడు చేతితో దానిని చూపవలెను. ముందు పోవువాని కన్నులు అందరి సొత్తు. వాడు ఏమరినచో వెనుకనున్న పదిమంది పడుదురు.

రెండవ శత్రువు ఆకలి. శరీరమున నిలువయుండు పిండిపదార్థపు బలము గట్టిగా శ్రమించువానికి కొద్ది గంటలకు మించి రాదు. ఆకలి తెలిసిన తరువాత తినుట ఆలస్యమే యగును. మూడవది నిద్ర, ఇది అన్నిటికంటె ప్రమాదకరము. రెండవ రాత్రి దాటినపిమ్మట కన్నులు తెరచియే మనుష్యుడు కలలు కనును. అనుభవశాలి రోడ్డు ప్రక్కన అరగంట పడుకొని లేచును. మూర్ఖుడు సాగిపోయి కాలువలో పడును. కొన్నిసార్లు ఆగిపోవుటయే వివేకము. 2007లో ఎడతెగని వానలు కురియగా, బయలుదేరినవారిలో మూడవ వంతునకు దగ్గరగా తుది చేరలేదు. వారినెవ్వరును పిరికివారని యనలేదు.

గ్రామస్థులారా! ఈ యాత్రలో నాకు మిక్కిలి నచ్చిన విషయము ఇప్పుడు చెప్పెదను. ఆ దారి చిన్న పట్టణములగుండ, పల్లెలగుండ పోవును. అర్ధరాత్రి రెండు గంటలవేళ తమ యింటి ముంగిట బల్ల వేసి, దీపము పెట్టి, కాఫీయు, రొట్టెయు, నీళ్లును ఉంచుకొని కూర్చుండు గృహస్థులు కలరు. వారు పైకము పుచ్చుకొనరు. ఇల్లు చేరిన తరువాత ఒక కార్డు వ్రాయుమని మాత్రము అడిగెడివారును కలరు. విలేన్ లా జుయెల్ అను చిన్న ఊరిలో యాత్రికులు వచ్చుట ఊరి పండుగ. అలసి చేతులు వణకువాని భోజనపు పళ్లెమును బడిపిల్లలు మోసికొనిపోయి బల్లపై పెట్టుదురు. వేసవియందు బాటసారులకు చలివేంద్రములు పెట్టు మన ఊళ్లకు ఈ ధర్మమును వేరుగ బోధింపనక్కరలేదు. పందెగాండ్రు విడిచిన యాత్రను నిలిపినవారిలో ఈ పల్లెవారికి సగము పాలు కలదని నా యభిప్రాయము.

మన దేశమునకును దీనితో సంబంధము కలదు. హైదరాబాదు మొదలగు నగరములలో నేడు 200 మొదలు 600 కిలోమీటర్ల వరకు ఈ యాత్రలు జరుగుచున్నవి. 2019లో భారతదేశము నుండి వందలమంది పారిస్ పోయిరి. అచటి రాత్రి చలియు, ఎదురుగాలియు, గుట్టలును అలవాటు లేక వారిలో చాలమంది గడువులోపల చేరలేకపోయిరి. అయినను 2023లో మరల భారతీయులు బయలుదేరిరి. పట్టుదల యనగా అదియే.

ఇక మన గ్రంథాలయము మాట. ఇచటను ఒక కార్డు కలదు, దానిపై ముద్ర కలదు, గడువు కలదు. గడువు తప్పువారును కలరని గ్రంథపాలకునికి బాగుగ తెలియును. అధిక గ్రంథములు చదివినవానికి ఇచట కిరీటము పెట్టరు. అక్షరములు కూడబలుకుకొని నెలకొక పుస్తకము ముగించు రైతునకును, రోజుకొకటి చదువు పండితునకును కార్డు ఒక్కటే. కొద్దిమంది పండితుల కొరకే నడచిన గ్రంథాలయము ఆ పందెమువలెనే ఒకనాడు మూతపడును. నెమ్మదిగా వచ్చువారికి కూడ తలుపు తెరచియుంచునది నిలుచును.

ఒక సూచన చేసి విరమించెదను. మన యువకులును, యువతులును నెలకొక ఆదివారమున కలిసికట్టుగా సైకిళ్లపై పొరుగూరి గ్రంథాలయమునకు పోయి, పుస్తకములు ఇచ్చి పుచ్చుకొని రావలెను. అందరికంటె నెమ్మదిగా తొక్కువానిని ముందుంచుకొని పోవలెను. పెద్దలు దారిలో మంచినీళ్ల కుండ యుంచవలెను. రజతోత్సవము జరుపుకొన్న ఈ సంస్థ స్వర్ణోత్సవము నాటికి మరింతమందిని గమ్యము చేర్చుగాక.