సరిహద్దు పట్టణపు జట్టు: ఒక క్రీడావత్సరం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల ఉత్సవంలో ఆటల ప్రసక్తి రాగానే అద్దాల బీరువాలోని కప్పులు, షీల్డులు స్ఫురించడం సహజం. ఈనాటి ప్రసంగ విషయం కూడా ఒక కప్పే. అయితే అది దూరదేశపు కళాశాల గెలుచుకొన్నది.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దున ఎల్ పాసో అనే పట్టణం ఉన్నది. అక్కడి టెక్సాస్ వెస్టర్న్ కళాశాల 1955లోనే నల్లజాతి విద్యార్థులకు తలుపులు తెరచింది. మరుసటి ఏడే చార్లీ బ్రౌన్ అనే నల్లజాతి యువకుడు ఆ కళాశాల బాస్కెట్‌బాల్ జట్టులో చేరాడు. దక్షిణాది పెద్ద విశ్వవిద్యాలయాలలో అత్యధికం ఆ మాట తలపెట్టడానికే సాహసించని కాలమది. 1961లో డాన్ హాస్కిన్స్ అక్కడికి శిక్షకుడుగా వచ్చాడు. అంతవరకు ఆయన చిన్న ఊళ్ళ ఉన్నత పాఠశాలల్లో ఆట నేర్పినవాడే. సాధన విషయంలో మహా కఠినుడు.

1965-66 క్రీడావత్సరంలో ఆయన జట్టు వరుసగా 23 ఆటలు గెలిచింది. జాతీయ పోటీలకు ముందరి చివరి ఆటలో సియాటిల్ జట్టు చేతిలో 74-72తో ఓడింది. రెండు పాయింట్ల ఆ ఓటమే ఆ ఏటి మొత్తానికి ఒకే ఒక్క ఓటమి. జాతీయ పోటీలలో సిన్సినాటిపై గెలుపుకు అదనపు సమయం కావలసివచ్చింది. కాన్సాస్‌తో ఆటనైతే రెండుసార్లు పొడిగించారు. మొదటి పొడిగింపు చివరి క్షణాల్లో కాన్సాస్ ఆటగాడు జో జో వైట్ విసరిన బంతి బుట్టలో పడింది కాని, అతని పాదం గీతను తాకిందని రిఫరీ తీర్పునిచ్చాడు. ఆపైన 81-80తో టెక్సాస్ వెస్టర్న్ గట్టెక్కింది. అదృష్టం తోడుకాని విజేత ఎక్కడ?

1966 మార్చి 19న మేరీలాండ్‌లో తుది పోటీ జరిగింది. ప్రత్యర్థి కెంటకీ, దేశంలో ప్రథమ స్థానంలో ఉన్న జట్టు, ఆటగాళ్ళందరూ తెల్లవారే. శిక్షకుడు అడాల్ఫ్ రప్ అప్పటికే నాలుగు జాతీయ విజయాలు చూచినవాడు. హాస్కిన్స్ జట్టులో పన్నెండుగురు. వారిలో ఏడుగురు నల్లవారు. ఆ రాత్రి ఆడినవారు ఆ ఏడుగురే. కెంటకీ వేగానికి దీటుగా అయిదడుగుల ఆరంగుళాల విల్లీ వర్స్లీని మొదటినుండే దింపడం హాస్కిన్స్ పన్నిన వ్యూహం. డేవిడ్ లాటిన్ ఆరంభంలోనే బంతిని బలంగా బుట్టలోకి కుక్కాడు. బాబీ జో హిల్ ప్రత్యర్థుల చేతిలోని బంతిని వెంటవెంటనే రెండుసార్లు లాగుకొని రెండుసార్లూ బుట్టలో వేశాడు. అతడు చేసిన పాయింట్లు 20. చివరికి 72-65.

ఇక్కడ ఒక లెక్క చూడవలసి ఉన్నది. ఆటలో వేసిన బుట్టలు కెంటకీవి 27, టెక్సాస్ వెస్టర్న్‌వి 22 మాత్రమే. విజయాన్ని తెచ్చినవి ఫ్రీ త్రోలు: 34 అవకాశాల్లో 28. అడ్డుకొనేవారు లేని చోట, ఒంటరిగా నిలబడి, చేయి వణకకుండా వేయవలసిన బంతి అది. నిత్యసాధన లేకుండా అది అబ్బదు. నల్లవారు ఒత్తిడికి తట్టుకోలేరన్న దురభిప్రాయం ఆనాడు బాహాటంగా వినిపించేది. దానికి సమాధానం ఆ లెక్కలోనే ఉన్నది.

విజయం వెనుక సుఖం రాలేదు. హాస్కిన్స్‌కు ద్వేషంతో నిండిన ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. 1968లో ఒక ప్రసిద్ధ క్రీడాపత్రిక, ఈ కళాశాల నల్లజాతి ఆటగాళ్ళను ఆటకు వాడుకొని వారి చదువును పట్టించుకోలేదని తీవ్రంగా విమర్శించింది. తల్లిదండ్రులున్న సభలో ఈ సంగతి దాటవేయడం న్యాయం కాదు. ఆటగాడి చేతిలో కప్పు ఉన్నప్పుడు పట్టా సంగతి ఎవరు చూడాలి? ఇది ఆ ఒక్క కళాశాలను మాత్రమే అడగవలసిన ప్రశ్న కాదు. తరువాతి కాలంలో ఆ జట్టువారిలో పలువురు చదువు ముగించి పట్టభద్రులైనారు, కొందరు ఉపాధ్యాయ వృత్తినీ చేపట్టారు.

కెంటకీ 1969లో తన మొదటి నల్లజాతి ఆటగాడిని చేర్చుకొన్నది. బాబీ జో హిల్ 2002లో కన్నుమూశాడు. 2007లో ఆ జట్టు మొత్తానికీ బాస్కెట్‌బాల్ కీర్తిమందిరంలో స్థానం లభించింది. అందులో ఆ రాత్రి బెంచీ మీద కూర్చున్న అయిదుగురూ ఉన్నారు.

విజేతలు బుట్ట వలను కత్తిరించుకొనడం అక్కడి ఆచారం. ఆ రాత్రి నిచ్చెన ఎవరూ తేలేదు. పొడగరి నెవిల్ షెడ్ పొట్టి వర్స్లీని పైకెత్తగా, అతడు వలను కోసి క్రిందికి దించాడు.