జీఆర్ఈ రెండోసారి రాసే ముందు
(పీణ్యలో ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)

 

జీఆర్ఈ లెక్కల్లో బాగా చేసి, వెర్బల్‌లో వెనకబడిన పిల్లలు మనలో ఉన్నారు. 21 రోజుల తర్వాత మళ్లీ రాయవచ్చు. కానీ ఫీజు ఇరవై వేలు దాటింది. పీణ్య ఫ్యాక్టరీల్లో పనిచేసే ఎందరో తండ్రులకు అది నెల జీతం. అందుకే ముందు తప్పుల లెక్క తీయండి.

బ్యాంకులో సాయంత్రం నగదు తేడా వస్తే, ఓచర్లు ఒక్కొక్కటే చూసి తేడా పట్టుకునేవాళ్లం. మీరూ నమూనా పరీక్షలో పోయిన ప్రతి ప్రశ్ననూ నోటుబుక్కులో రాయండి. మాట తెలియక పోయిందా, పేరా అర్థంకాక పోయిందా, సమయం చాలక పోయిందా?

పదాల పట్టిక బట్టీ పడితే చాలదు. వ్యతిరేక పదాల ప్రశ్నలు 2011లోనే తీసేశారు. ఇప్పుడు మాటను వాక్యంలో పెట్టి అడుగుతారు. 2023 సెప్టెంబరు నుంచి వెర్బల్‌కు 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. తప్పుకు మార్కులు కోయరు గనుక ఏ ప్రశ్నా వదలకండి.

రోజూ మెట్రోలో ఒక ఇంగ్లీషు సంపాదకీయం చదవండి. దాని సారాంశం ఇంట్లో అమ్మకు తెలుగులో రెండు వాక్యాల్లో చెప్పండి. చెప్పలేకపోతే అర్థం కానట్టే, మళ్లీ చదవండి. నోటుబుక్కులో తప్పులు తగ్గాకే ఫీజు కట్టండి.