రూపాయికి ఎనిమిది పైసలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో నా పేరు పక్కన ‘సాంకేతిక రంగంలో మార్పులు’ అని అచ్చు వేశారు. ఆ మార్పులు నాకంటే మీ పిల్లలే బాగా చెబుతారు. నిర్వాహకుల అనుమతితో నేను వేరే విషయం ఎత్తుకుంటున్నాను. మన సంఘం వాట్సాప్ గ్రూపులో కొన్ని నెలలుగా ఒక చర్చ నడుస్తోంది. బడి పిల్లల ఇళ్లలో పొదుపు అలవాటు చేయాలని అందరం ఒప్పుకున్నాం. అందుకు ఫోన్‌లో ‘రౌండప్’ యాప్ పెట్టిద్దామని కొందరు, పోస్టాఫీసులో నెలనెలా కట్టిద్దామని కొందరు. పదో తరగతి పాసై కూడా జూన్ నెలలో చేతిలో డబ్బు లేక ఇంటర్లో చేరలేని పిల్లలు మన పక్క ఇంకా ఉన్నారు గనక, ఇది ఊరికే వాదించుకుని వదిలేసే సంగతి కాదు. లెక్క వేసి తేల్చుకోవాలి. లెక్క వేయడం మా వృత్తి కాబట్టి ఆ పని నేను చేస్తాను.

రౌండప్ అంటే ఏమిటో తెలియనివారికి ముందు చెబుతాను. కొట్లో 47 రూపాయలు ఫోన్‌తో కట్టారనుకోండి. యాప్ దాన్ని 50గా లెక్కపెట్టి, పైన 3 రూపాయలు మీ ఖాతాలోంచి తీసి పక్కన వేస్తుంది. ఖర్చు పెట్టినప్పుడల్లా చిల్లర పోగవుతుంది, మనసుకు నొప్పి తెలియదు. అమెరికాలో బ్యాంక్ ఆఫ్ అమెరికా 2005లో డెబిట్ కార్డులకు ఈ పద్ధతి పెట్టింది. ఖర్చును పై డాలరుకు సరిచేసి, ఆ సెంట్లు పొదుపు ఖాతాలో వేసేది. మొదటి మూడు నెలలు ఖాతాదారుకు ఎంత జమైతే బ్యాంకు కూడా అంత వేసేది. ఈ చివరి ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్తాను.

చిల్లర కూడబెట్టించడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1953 దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది కదా, అటు కన్నడ మాటలు ఇటు మనకూ అలవాటే. ‘పిగ్మీ కడుతున్నా’ అనే మాట అంగడి వాళ్ల నోట మీరందరూ వినే ఉంటారు. దాని పుట్టిల్లు ఉడుపి. 1925లో అక్కడ టి.ఎం.ఎ. పాయ్, ఉపేంద్ర పాయ్, వామన్ కుడ్వ కలిసి పెట్టిన బ్యాంకే తర్వాత సిండికేట్ బ్యాంకు అయింది. 2020లో కెనరాలో కలిసిపోయింది. చేనేత దెబ్బతిని మగ్గాలు ఆగిపోయిన రోజుల్లో నేతగాళ్లకు సాయం చేయాలని మొదలుపెట్టిన బ్యాంకు అది. 1928లో పిగ్మీ తెచ్చారు. ఏజెంటు రోజూ గడప దగ్గరికి వచ్చి రెండణాలు కట్టించుకుపోయేవాడు. ఫోన్ యాప్ ఇవాళ చేస్తున్నది ఆ ఏజెంటు పనే, కాకపోతే అతను మంచినీళ్లు అడిగి తాగి, పిల్లల చదువు కూడా విచారించి పోయేవాడు.

మన ఎమ్మిగనూరులో ఇంకో పద్ధతి ఉంది. నా దృష్టిలో అది పిగ్మీ కంటే, యాప్ కంటే గట్టిది. 1938లో మాచాని సోమప్ప గారు ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. ఆ సంఘం పూర్వపు వైభవం ఇప్పుడు లేకపోవచ్చు, కానీ మగ్గం ఇళ్లలో పుట్టినవాళ్లకు ‘త్రిఫ్ట్’ అనే మాట చెబితే చాలు. చేనేత సహకార సంఘాల పొదుపు నిధి పథకం అది. నేతగాడి మజూరీలో రూపాయికి 8 పైసలు సంఘమే పట్టుకునేది. దానికి రాష్ట్ర ప్రభుత్వం 4 పైసలు, కేంద్రం 4 పైసలు కలిపేవి. అంటే నేతగాడు వేసిన ఎనిమిదికి ఎనిమిది తోడయ్యేది. తెలంగాణలో 2017లో తెచ్చిన పథకంలో ప్రభుత్వ వాటా 16 పైసలు చేశారు.

ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూడండి. త్రిఫ్ట్ పట్టుకునేది సంపాదన మీద. రౌండప్ పట్టుకునేది ఖర్చు మీద. చూడ్డానికి చిన్న తేడా. మజూరీ పెరిగితే త్రిఫ్ట్ పెరుగుతుంది. రౌండప్ పెరగాలంటే ఎక్కువసార్లు కొనాలి! పండగ నెలలో దుబారా చేసినవాడికి ఎక్కువ పొదుపు, పొదుపుగా బతికినవాడికి తక్కువ పొదుపు. ఇది కొంచెం తిరకాసు వ్యవహారం కాదా?

అంకెల్లో చూద్దాం. నెలకు ఒక ఇంట్లో 60 సార్లు ఫోన్‌తో డబ్బు కడతారనుకుందాం. మన ఊళ్లలో టీ పది, ఆటో ఇరవై, మూర పూలు ముప్పై. ఇవన్నీ ముందే గుండ్రంగా ఉన్నాయి, పైకి సరిచేయడానికి వీటిలో ఏముంది? కిరాణా, మందులు, పెట్రోలు లాంటి చోట్లే 47, 83 వస్తాయి. అవి సగం, అంటే 30 అనుకుంటే, ఒక్కోదానికి సగటున 5 రూపాయలు. నెలకు 150. అదే 10,000 రూపాయల మజూరీ మీద త్రిఫ్ట్ 800. తోడు కలిపితే 1,600. పది రెట్లకు పైనే.

రౌండప్ వద్దనడం లేదు. ఒక్క రూపాయి కూడా పక్కన పెట్టని కుర్రాడికి 150 మంచి మొదలు. అయితే ఆ చిల్లర ఎక్కడికి పోతోందో చూసుకోవాలి. మన దేశంలో ఇలాంటి యాప్‌లు కొన్ని ఆ డబ్బుతో డిజిటల్ బంగారం కొంటాయి. కొనేటప్పుడే 3 శాతం జీఎస్టీ. పైగా కొనే ధరకూ అమ్మే ధరకూ తేడా ఉంటుంది. గత రెండేళ్లలో బంగారం పెరిగింది కదా సార్ అంటారు. పెరిగింది, కాదనను. కానీ డిజిటల్ బంగారం తమ నియంత్రణ కిందికి రాదని, ఏదైనా జరిగితే మదుపరులకు తమ రక్షణ ఉండదని 2025 నవంబరులో సెబీ బహిరంగంగానే హెచ్చరించింది. జూన్‌లో ఫీజు కట్టాల్సిన డబ్బును అలాంటి చోట పెట్టమని ఒక తల్లికి నేను చెప్పలేను.

ఇక నెలనెలా కట్టే ఖాతా, అంటే రికరింగ్ డిపాజిట్. దీని మీద నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘నెలకు వెయ్యి చొప్పున సంవత్సరం కట్టాను. 12,000కు 6.7 శాతమంటే 804 రావాలి. 440 చిల్లరే వచ్చింది. బ్యాంకువాళ్లు ముంచారా?’ ముంచలేదు. మిద్దె మీద ట్యాంకు తలుచుకోండి. పొద్దున కుళాయి తిప్పితే సాయంత్రానికి నిండుతుంది. రోజంతా ట్యాంకు నిండుగా ఉందని ఎవరమైనా అంటామా? మొదటి వెయ్యి పన్నెండు నెలలుంది, చివరి వెయ్యి ఒక్క నెలే ఉంది. సగటున ఆరున్నర నెలలు. వడ్డీ ఆ మేరకే వస్తుంది. కాబట్టి రెండు సంగతులు. వడ్డీ రేటు చూసి ఆశపడి చేతిలో ఉన్న పెద్ద మొత్తాన్ని ముక్కలు చేసి నెలనెలా కట్టకండి, దాన్ని ఒకేసారి ఫిక్స్‌డ్‌లో వేయండి. నెలనెలా వచ్చే డబ్బుకే నెలనెలా ఖాతా. రెండోది, కట్టే తేదీని జీతం పడిన మర్నాటికి పెట్టించి, ఖాతాలోంచి దానంతట అదే పోయేలా బ్యాంకులో రాసివ్వండి. త్రిఫ్ట్ బలమంతా అక్కడే ఉంది, చేతికి రాకముందే పోవడం.

నెల జీతగాళ్లకు ఇది చాలు. కానీ మన పక్క నెల జీతం ఎంతమందికి? ఆదోని యార్డుకు పత్తి తెచ్చే రైతుకు డబ్బు కనిపించేది ఏడాదిలో రెండు మూడు నెలలు. కోసిగి, పెద్దకడుబూరు పక్కనుంచి సుగ్గికి గుంటూరు మిరపకోతలకు పోయే కుటుంబానికి, తిరిగొచ్చాకే చేతిలో నాలుగు నోట్లు. వాళ్లను పట్టుకుని ‘నెలనెలా కట్టండి’ అంటే ఎలా? పోస్టాఫీసులో ఒక నెల తప్పితే వందకు రూపాయి జరిమానా. వరసగా నాలుగు తప్పితే ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లోపు మళ్లీ తెరిపించుకోవాలి. పొదుపు చేద్దామని వచ్చిన మనిషికి మొదటి అనుభవం జరిమానా అయితే మళ్లీ ఆ గడప తొక్కడు.

దీనికి ఆ పథకంలోనే మందుంది, చాలామంది అడగరు. ముందస్తుగా కట్టొచ్చు. ఆరు నెలలది ఒకేసారి కడితే వందకు 10 రూపాయలు తగ్గిస్తారు, పన్నెండు నెలలది కడితే 40. అంటే నెలకు వంద ఖాతాకు 600 బదులు 590, 1,200 బదులు 1,160 కడితే సరి. సుగ్గి నుంచి వచ్చిన వారంలోనే ఒకసారి, పత్తి అమ్మినప్పుడు ఒకసారి కట్టేస్తే ఏడాది గడిచిపోయినట్టే. తీసుకుపోవాల్సింది పాసుపుస్తకం. కట్టిన ప్రతిసారీ అందులో ఎక్కిందో లేదో చూసుకోవాలి, ఏజెంటు ఎంత తెలిసిన మనిషైనా సరే. నెలనెలా ఇంటికొచ్చి కట్టించుకున్న అగ్రిగోల్డ్ కథ ఇంకా మరిచిపోలేదు కదా. బ్యాంకులో అయితే ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది, పోస్టాఫీసుకు ప్రభుత్వమే పూచీ. ఈ రెండూ లేని చోట ఎంత వడ్డీ ఇస్తామన్నా మన పిల్లల డబ్బు వద్దు.

అప్పు సంగతి కూడా చెప్పాలి. రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్న అప్పు నెత్తి మీద ఉంటే, అది ఏడాదికి 24 శాతం. పక్కన 6.7 శాతానికి పొదుపు చేస్తుంటే, లెక్క ప్రకారం ముందు అప్పు తీర్చాలి. లెక్క అదే చెబుతుంది. అయినా వందో రెండొందలో ఖాతా నడిపించమనే నేనంటాను. ఎందుకంటే పన్నెండు కంతులు కట్టి ఏడాది నిండితే పోస్టాఫీసు ఖాతా మీద సగం దాకా అప్పు ఇస్తారు, ఖాతా వడ్డీ మీద 2 శాతమే ఎక్కువ. ఇప్పటి లెక్కన 8.7. పిల్లకు జ్వరమొచ్చిన రాత్రి షావుకారు ఇంటికి పోవడమా, ఈ 8.7 అప్పుతో గట్టెక్కడమా అనేది పెద్ద తేడా. ఖాతా మధ్యలో మూసేయడం కంటే కూడా ఇదే మేలు. మూడేళ్లు నిండాక మూస్తే సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు.

ఇప్పుడు మన ప్రతిపాదనకు వస్తాను. మనం చదువుకున్న రోజుల్లో బడుల్లో సంచయిక ఉండేది, గుర్తుందా? మాస్టారి పర్యవేక్షణలో పిల్లలే నడిపే బ్యాంకు. పిల్లలే క్యాషియర్లు, పిల్లలే ఖాతాదార్లు. దాన్ని కొత్తగా మొదలుపెడదాం అంటున్నాను. పోస్టాఫీసు రికరింగ్ ఖాతా గడువు 60 నెలలు. ఆరో తరగతిలో జూన్‌లో తెరిస్తే పదో తరగతి పూర్తయ్యే మే నాటికి సరిగ్గా అరవై కంతులు. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరు మీదే ఖాతా తెరవొచ్చు. నెలకు వంద కడితే, 2023 అక్టోబరులో పెట్టిన 6.7 శాతం వడ్డీతో 6,000కు 7,136 వస్తుంది. మన సంఘం ఇంకో వంద తోడు వేస్తే 14,273. ఇంటర్ చేరే నెలలో ఆ డబ్బు ఆ పిల్ల చేతిలో ఉంటుంది. ఇంటి వాటా కట్టినప్పుడే మన వాటా, ముందస్తుగా కడితే మనమూ ముందస్తుగా. ఎనిమిదికి ఎనిమిది, మన నేతగాళ్ల లెక్కే.

సంఘానికి ఎంత అవుతుంది? తరగతికి 40 మంది అనుకుంటే మొదటి ఏడాది 48,000. ఐదో ఏడాదికి ఐదు తరగతులు నడుస్తాయి కాబట్టి ఏడాదికి 2,40,000. ఆ పైన పెరగదు. ఇవాళ ఈ హాల్లో ఉన్నవాళ్లం మోయలేని బరువు కాదు. రౌండప్ ఇష్టపడేవాళ్లు మీ ఫోన్లలో పెట్టుకోండి, పోగైన చిల్లర ఏడాదికోసారి సంఘం ఖాతాకు పంపండి. మీ పెట్రోలు బిల్లు ఎంత పెరిగితే మా పిల్లలకు అంత మేలు!

ఒక్క విషయంలో మాత్రం నాకు పట్టుంది. పాసుపుస్తకాలు సంఘం బీరువాలో ఉండకూడదు, పిల్లల దగ్గరే ఉండాలి. పోతాయని కోశాధికారి గారు భయపడుతున్నారు. ఆయన భయం న్యాయమైనదే, నకలు పుస్తకం తెప్పించడానికి ఎవరో ఒకరు పోస్టాఫీసు చుట్టూ తిరగాలి. దీని మీద అభ్యంతరాలున్నవాళ్లు ఇప్పుడే చెప్పండి. జూన్‌కు ఇంకా సమయముంది గానీ, భోజనాల గంట కొట్టేలోపు ఇది తేల్చుకుందాం.