గాలిబొమ్మ ఆటకే, ఆసరాకు కాదు



వేసవి సెలవులు వచ్చాయంటే మన ఇళ్లలో రెండు రకాల వస్తువులు బయటికి వస్తాయి. ఒకటి ఆవకాయ జాడీలు, రెండోది పిల్లల గాలిబొమ్మలు. బాతు మెడ ఉన్న ట్యూబులు, చేతులకు తొడిగే గాలి బ్యాండ్లు, డాబా మీద పరిచి గాలి కొడితే తొట్టి అయిపోయే బేబీ పూల్ – రకరకాలు. ఆవకాయ జాడీకి తడి తగలకుండా మనం ఎంత జాగ్రత్త పడతామో మీకు తెలియంది కాదు. అందులో సగం జాగ్రత్త ఈ గాలిబొమ్మల దగ్గర పడుతున్నామా అంటే మాత్రం జవాబు చెప్పటం కష్టం. అందుకే ఈవేళ వాటి సంగతి మీతో ముచ్చటించాలనుకున్నాను.

మన పెద్దవాళ్లు పల్లెల్లో దిగుడుబావుల్లోనూ, చెరువుల్లోనూ ఈత నేర్చుకున్నారు. అప్పుడు ఈ ట్యూబులెక్కడివి? ఎండిన సొరకాయ బుర్రలో, జీలుగు బెండ్లో వీపుకు కట్టేవారు. అయితే అంతటితో వదిలేసేవారు కాదు. నడుముకు ఒక తాడు కూడా కట్టి, దాని కొస గట్టుమీద నిలబడ్డ తండ్రో, మేనమామో పట్టుకునేవారు. బెండు తేల్చేది, తాడు కాచేది. ఇప్పుడు మనం బజారులో బెండు కొనుక్కొచ్చాం గాని, తాడు సంగతి మరిచిపోయాం. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

ఇదేదో పాతకాలపు చాదస్తం అనుకోకండి. నీటిమీద పలకలు కట్టుకుని జారే స్కీయింగ్ ఆట అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని పెపిన్ సరస్సు మీద 1922లో మొదలైంది. రాల్ఫ్ శామ్యూల్సన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు పడవ లాగుతుంటే నీళ్లమీద నిలబడి జారాడు. ఇప్పుడు చిన్నపిల్లలకు ఆ ఆట నేర్పటానికి గాలితో ఉబ్బే స్కీలు వచ్చాయి. కాళ్లు ఎడంగా విడిపోకుండా రెండు గాలి దిమ్మెలు పక్కపక్కన కలిసి ఉంటాయి. చూడటానికి అదీ బొమ్మే. అయినా దాని మీద బిడ్డను నిలబెట్టే ముందు ఒంటికి లైఫ్ జాకెట్ తొడుగుతారు. మొదటి పాఠం ఒడ్డు పక్కన లోతు తక్కువ నీళ్లలో, పెద్దవాళ్లు చేత్తో తాడు లాగుతూ చెబుతారు. పడవతో లాగేటప్పుడు నడిపే మనిషి కాక, బిడ్డనే చూస్తూ ఇంకొకరు వెనక్కి తిరిగి కూర్చుంటారు. పసివాళ్లను లాగేటప్పుడు తాడు కొస పడవకు ముడివెయ్యకుండా ఆ మనిషి చేత్తో పట్టుకోవటం మంచి పద్ధతి. పిల్లవాడు పడితే మరుక్షణం వదిలెయ్యవచ్చు. చూశారా, సముద్రాలు దాటినా సూత్రం ఒకటే. తాడు కొస పెద్దవాళ్ల చేతిలో ఉండాలి.

గాలిబొమ్మను ఎందుకు నమ్మకూడదంటారా? ఒక లీటరు గాలి నీళ్లలో సుమారు ఒక కిలో బరువును మోస్తుంది. అంటే ఎంత గాలి పోతే అంత ఆసరా పోయినట్టే. సన్నటి బెజ్జం చాలు దానికి. నడుము ట్యూబులో ఉన్న బిడ్డ దూరంగా ఉన్న బంతి కోసం ముందుకు వంగాడనుకోండి, బరువంతా తల వైపు వాలి తలకిందులవుతాడు. అప్పుడు ఆ ట్యూబే కాళ్లను పైకీ, తలను నీళ్లలోకీ పట్టి ఉంచుతుంది. పసివాడు తనంతట తాను తిప్పుకోలేడు. చేతి బ్యాండ్ల సంగతి మరొకటి. ఒంటికి కొబ్బరినూనె రాసి నీళ్లలోకి దింపుతాం. ఆ జిడ్డుకి, పిల్లవాడు చేతులు పైకెత్తగానే బ్యాండు జారిపోతుంది. మెడచుట్టూ తగిలించే రింగులని నెలల పిల్లలకు అమ్ముతున్నారు. వాటిని వాడవద్దని అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ సంస్థ 2022లోనే హెచ్చరించింది. అవి అసలు కొనకండి.

వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం బొమ్మ పిల్లవాడికిచ్చే ధైర్యం. బ్యాండ్లు వేసుకుని దూకటం అలవాటైన నాలుగేళ్లవాడికి, తనను తేల్చింది ఆ బ్యాండ్లే అని తెలియదు. తనకు ఈత వచ్చేసిందనుకుంటాడు. బ్యాండ్లు విప్పి మనం ఒళ్లు తుడుచుకుంటూ ఉండగా మళ్లీ దూకేస్తాడు.

మేముండే అపార్టుమెంట్లలో ఒకసారి పుట్టినరోజు పండుగ జరిగింది. ఈతకొలను గట్టుమీద పదిమంది తల్లులం ఉన్నాం. కబుర్లు, ఫొటోలు, కేకు ముక్కలు. ఎవరికి వారే పక్కావిడ చూస్తోందనుకున్నారు. ట్యూబు తిరగబడి ఓ పిల్లవాడి కాళ్లు పైకి తేలాయి. చూసింది మాలో ఒక్కరూ కాదు, ప్లేట్లు తియ్యటానికి వచ్చిన వాచ్‌మన్ భార్య. చేతిలోవి అక్కడే పడేసి, చీరతోనే దిగి బయటికి లాగింది. దేవుడి దయవల్ల పిల్లవాడు నాలుగు దగ్గులు దగ్గి ఏడ్చాడు. అందరం అంత దగ్గరలో ఉన్నాం, చిన్న చప్పుడైనా వినిపించలేదు. మునిగేవాళ్లు కేకలు వేస్తారని సినిమాలు చూసి అనుకుంటాం. ఊపిరికే దిక్కులేని బిడ్డకు కేక ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి?

ఆ తరువాత మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక తల్లి భుజాన ఎర్ర తువ్వాలు ఉంటుంది. తువ్వాలు ఎవరి భుజాన ఉంటే కాపలా వాళ్లది. ఆవిడ ఫోను ముట్టుకోదు, కబుర్లలో దిగదు. పావుగంటకోసారి, "వదినా, ఇక మీ వంతు" అని చేతికిచ్చి, ఆవిడ ఊఁ అన్నాకే పక్కకి వెళుతుంది. ఐదేళ్లలోపు పిల్లల దగ్గరైతే చూపు ఒక్కటే చాలదు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నీళ్లలోనే ఉండాలి. ఆ తువ్వాలే మన చేతిలోని తాడు కొస అనుకోండి.

కొనేటప్పుడు చూడవలసినవి రెండు ఉన్నాయి. మన దేశంలో అమ్మే పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేశారు. ఆ ముద్ర ఉందో లేదో చూడండి. గాలి అరలు ఒకటి కాక రెండుమూడు ఉన్నవి తీసుకోండి, ఒకటి పోయినా ఇంకొకటి కాసేపు ఆదుకుంటుంది. ఇది ప్రాణరక్షణ సాధనం కాదని చాలా బొమ్మలమీద ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది. తయారుచేసినవాళ్లే ఆ మాట చెబుతుంటే మనం కాదనటం ఎందుకు? పడవ ఎక్కినా, లోతు నీళ్ల దగ్గరికి వెళ్లినా కావలసింది లైఫ్ జాకెట్. లోపల నురగ దిమ్మె ఉండే జాకెట్టుకి గాలి పోతుందన్న భయం లేదు. తొడిగి, పట్టీలు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది వదులు. చిన్నవాళ్లకు కాళ్లమధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది మంచిది.

సముద్రానికి, నదికి మాత్రం ఈ గాలిబొమ్మలు తీసుకువెళ్లకండి. విశాఖపట్నం, బాపట్ల సూర్యలంక, మచిలీపట్నం – ఎక్కడైనా ఒకటే. రాత్రంతా చల్లబడ్డ నేలమీంచి తెల్లవారుజామున గాలి సముద్రం వైపు వీస్తుంది. మనకు ఒడ్డున హాయిగా ఉంటుంది, నీళ్లు కూడా నిదానంగా కనిపిస్తాయి. తేలికైన ట్యూబుకి ఆ గాలే తెరచాపలా పనిచేసి, బిడ్డతో సహా లోపలికి తీసుకుపోతుంది. సాయంత్రం గాలి ఒడ్డుకు తిరిగినా, అలల కింద లోపలికి లాగే ప్రవాహం ఉండనే ఉంటుంది. కొట్టుకుపోయే బొమ్మ కోసం ఎవరూ ఈదవద్దు. పోతే పోయింది, ఇంకోటి కొందాం.

ఇక వాటిని చూసుకునే విధానం. గాలి పంపుతోనో, నోటితోనో నింపండి. టైర్లకు గాలి కొట్టే షాపులో పట్టించకండి, ఆ ఒత్తిడికి అతుకులు విడిపోతాయి. బొటనవేలితో నొక్కితే కాస్త లొంగి, వదలగానే తిరిగి లేవాలి. అంతవరకు చాలు. ఎండకి గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి, పొద్దున్న నీడలో బిర్రుగా నింపింది మధ్యాహ్నం డాబా మీద పగులుతుంది. ఎండలో నింపింది చల్లటి నీళ్లలో పెట్టగానే వదులవుతుంది. అందుకని నీళ్లలో దించాక మళ్లీ ఒకసారి నొక్కి చూడాలి. బిరడా పెట్టి ఊరుకోకుండా, లోపలికి నొక్కి మట్టంగా ఉండేటట్టు చెయ్యండి.

సీజను మొదట్లో నింపి, ఒక రాత్రి ఇంట్లో ఉంచండి. తెల్లారేసరికి బాగా చప్పబడితే ఎక్కడో కారుతున్నట్టే. సబ్బునీళ్లు పూస్తే బుడగలు లేచినచోట బెజ్జం ఉంటుంది. గాలంతా తీసి, శుభ్రంగా తుడిచి ఆరబెట్టి, బొమ్మతో ఇచ్చిన మాసిక అతికించి, ఒక రోజంతా బరువు పెట్టండి. సైకిలు ట్యూబు సొల్యూషన్ ఈ ప్లాస్టిక్‌కు సరిగ్గా పట్టదు. తొట్టికి మాసిక వేసుకోవచ్చు. ఒంటికి తగిలించే ట్యూబుకీ, బ్యాండుకీ మాత్రం మాసికల బేరం వద్దు. అతుకు దగ్గరో, బిరడా దగ్గరో కారితే కత్తెరతో కోసి పారెయ్యండి. ఊరికే పడేస్తే ఇంకో బిడ్డ తీసి తొడుక్కుంటుంది.

వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరెయ్యండి. ఎండలో వదిలేస్తే ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. పూర్తిగా ఆరాక కాస్త టాల్కం పౌడరు చల్లి, వదులుగా మడిచి, ఎలుకలు చేరని డబ్బాలోనో, ట్రంకు పెట్టెలోనో దాచండి.

డాబా మీది తొట్టిలో నీళ్లు, పిల్లవాడు కూర్చుంటే నడుము దాటకూడదు. తక్కువే గదా అని వదిలి వెళ్లకండి. రెండంగుళాల నీళ్లలో బోర్లా పడ్డా పసిబిడ్డ ఊపిరి ఆగుతుంది. స్నానాల గదిలో నిండు బకెట్టు కూడా అంతే ప్రమాదం. ఐదడుగుల వెడల్పు తొట్టిలో ఆరంగుళాలు నింపితే సుమారు 280 లీటర్లు పడతాయి. టాంకరు నీళ్ల రోజుల్లో అవి పారబోయటానికి మనసొప్పదు, నిజమే. ఆట అవగానే మొక్కలకు పొయ్యండి, గచ్చు కడగండి, తొట్టి మాత్రం బోర్లించండి. నిలవ నీళ్లలో డెంగ్యూ దోమ గుడ్డు పెడితే వారం పదిరోజుల్లో దోమై లేస్తుంది.

జరగకూడనిది జరిగితే ఏం చెయ్యాలో కూడా చెప్పుకోవాలి గదా. ఈత రానివాళ్లు దూకవద్దు. నేలమీద బోర్లా పడుకుని చీర కొంగో, దుప్పట్టానో, కర్రో అందించండి, మూతపెట్టిన ఖాళీ ప్లాస్టిక్ బిందె విసరండి. పైకి తీసిన బిడ్డను తలకిందులుగా పట్టి తిప్పటం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించటం చెయ్యకండి, విలువైన నిమిషాలు పోతాయి. ఒకరు 108కి ఫోను చేస్తుండగా, ఊపిరి లేని బిడ్డను గట్టి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం కాస్త ఎత్తి, ముక్కు మూసి, రొమ్ము లేచేటట్టు నోటితో ఊపిరి ఊదాలి. అప్పటికీ కదలిక లేకపోతే రొమ్ము మధ్య 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదుతూ సాయం వచ్చేదాకా ఆపకూడదు. ఇది వింటే వచ్చే విద్య కాదు. తెలిసినవాళ్ల దగ్గర ఒకసారి చేసి నేర్చుకోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీట మునిగి చనిపోయినవారు సుమారు 3 లక్షలమంది. వారిలో దాదాపు నాలుగోవంతు ఐదేళ్లలోపు పసివాళ్లు. ఈ నష్టం ఆపాలనే ఐక్యరాజ్యసమితి ఆ ఏడాదే జూలై 25ను ఇందుకోసం ఒక దినంగా ప్రకటించింది.

అన్నిటికన్నా మంచి బెండు వచ్చిన ఈత. నాలుగేళ్లు దాటిన పిల్లలు చాలామంది నేర్చుకోగలరు. మగపిల్లలతోపాటు ఆడపిల్లల్నీ పంపండి. మనకిక వయసు దాటిపోయిందనుకోకండి. హైదరాబాదుకు చెందిన గోలి శ్యామలగారు నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021లో నలభై ఏడేళ్ల వయసులో శ్రీలంక నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని ఈదారు. మనం సముద్రాలు దాటక్కర్లేదు. బిడ్డ కోసం నాలుగు బారలు వెయ్యగలిగితే చాలు.

ఈత వచ్చేదాకా గాలిబొమ్మలతో ఆడనివ్వండి, సంతోషంగా ఆడనివ్వండి. తువ్వాలు మాత్రం ఎవరి భుజాన ఉందో చూసుకోండి.