పదిహేనేళ్ల పాఠకులకు గ్రంథాలయంలో చోటేది?

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మైనారిటీ హక్కుల ప్రస్తావన వచ్చినప్పుడు మనం రిజర్వేషన్ల గురించి, ఉపకార వేతనాల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, భద్రత గురించి మాట్లాడుతాం. అవన్నీ అవసరమైన విషయాలే. కానీ మన వినతిపత్రాలలో గ్రంథాలయం అన్న మాట దాదాపుగా కనిపించదు. అదేదో తీరిక ఉన్నవారి వ్యవహారమని మనం అనుకుంటున్నాం. నిజానికి అది మనం డబ్బు చెల్లించి కూడా వాడుకోకుండా వదిలేసిన హక్కు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ఇంటి పన్నులో ప్రతి రూపాయిపై 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలు చేసే ఏర్పాటు చేసింది. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పౌర గ్రంథాలయ వ్యవస్థకు ఆ చట్టమే పునాది. సొంత ఇల్లున్నవారు ఆ పన్ను నేరుగా కడుతున్నారు. అద్దె ఇంట్లో ఉన్నవారు అద్దెలో కలిపి కడుతున్నారు. మన పేటలలో గ్రంథాలయ పన్ను కట్టని వీధి లేదు. గ్రంథాలయం ఉన్న వీధులు మాత్రం ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు.

ఈ రోజు ఆ హక్కులో ఒక భాగం గురించే మాట్లాడాలనుకుంటున్నాం. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య ఉన్న పిల్లలకు మన గ్రంథాలయాలు ఏమి ఇస్తున్నాయి? ఏమి ఇవ్వగలవు?

మన శాఖా గ్రంథాలయం తలుపు తీసి లోపలికి వెళితే సాధారణంగా కనిపించేది రెండు రకాల పాఠకులు. దినపత్రికల బల్ల దగ్గర పదవీ విరమణ చేసిన పెద్దలు. లోపలి గదిలో పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకున్న నిరుద్యోగ యువకులు. ఎక్కడైనా బాలల విభాగం ఉంటే అక్కడ బొమ్మల కథల పుస్తకాలుంటాయి. ఎనిమిదో తరగతి పిల్లకు ఆ బొమ్మల పుస్తకాలు చిన్నవైపోయాయి. పోటీ పరీక్షల గ్రంథాలు ఇంకా పెద్దవి. ఆమె కోసం అక్కడ ఒక అల్మారా లేదు, ఒక బల్ల లేదు, ఆమెను పలకరించే మనిషి లేడు. అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వయసును ప్రత్యేక పాఠక వర్గంగా గుర్తించి, వారి సేవలకు వేరుగా మార్గదర్శకాలు రూపొందించింది. మన దగ్గర ఆ ఆరేళ్లు లెక్కలోకి రావు. మనిషి తన అభిరుచులను, అభిప్రాయాలను, ధైర్యాన్ని సమకూర్చుకునే ఆరేళ్లు అవే.

ఈ లోటు అందరి పిల్లలకూ ఉంది. అయితే మన పిల్లల విషయంలో అది మరింత బరువైనది. 2006లో జస్టిస్ రాజీందర్ సచార్ కమిటీ సమర్పించిన నివేదికను మనం ఉద్యోగాల లెక్కల కోసమే చదివాం. అందులో ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లలలో నాలుగోవంతు మంది బడి ముఖమే చూడలేదని, లేదా మధ్యలో మానేశారని ఉంది. ఒంటిగది ఇళ్లలో నివసించే కుటుంబాల పిల్లలు రోజూ కొన్ని గంటలు నిశ్చింతగా చదువుకోవడానికి స్థానికంగా అధ్యయన కేంద్రాలు అత్యవసరమని కూడా ఆ కమిటీ చెప్పింది. ఈ సిఫారసు గురించి ఎవరూ ధర్నా చేయలేదు. ఒకే గదిలో వంట, కుట్టు మిషను, టీవీ, నిద్రపోయే చిన్నపిల్లలు, వచ్చిపోయే బంధువులు ఉన్నచోట పదో తరగతి పిల్లవాడు ఎక్కడ కూర్చుని చదవాలి? మగపిల్లవాడు అరుగు మీదకో, స్నేహితుడి ఇంటికో పోతాడు. ఆడపిల్ల ఎక్కడికి పోవాలి?

గ్రంథాలయ చరిత్ర మనకు పరాయిది కాదు. హైదరాబాదులో సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటివారి చొరవతో 1891లో ఆసఫియా గ్రంథాలయం ఏర్పడింది. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున నేడు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా ఉన్నది అదే. 1901లో అదే నగరంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య తదితరులు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నెలకొల్పారు. 1935లో పాతూరి నాగభూషణం ప్రభృతులు కృష్ణా డెల్టా కాలువలలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. రోడ్డు లేని పల్లెకు కాలువ ఉంది కనుక పుస్తకాన్ని పడవ ఎక్కించారు. నూతన ఆవిష్కరణ అంటే అదే. ఖరీదైన యంత్రం కొనడం కాదు. పాఠకుడు రాలేకపోవడానికి కారణమేమిటో కనుక్కొని ఆ అడ్డు తొలగించడం. నాటి పెద్దలు దూరాన్ని తొలగించారు. నేటి కౌమార పాఠకులకు అడ్డుగా ఉన్నవేమిటో మనం గుర్తించాలి.

ఇతర దేశాలలో ఆ పని ఎలా జరిగిందో కొన్ని ఉదాహరణలు చూద్దాం.

లండన్ తూర్పు భాగంలో టవర్ హామ్లెట్స్ అనే ప్రాంతం ఉంది. బంగ్లాదేశ్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు అధికం. జనాభాలో ప్రతి ఐదుగురిలో ఇద్దరు ముస్లింలు. అక్కడి స్థానిక సంస్థ, గ్రంథాలయాలకు జనం ఎందుకు రావడం లేదని ముందుగా ప్రజలనే అడిగింది. బజారుకు దగ్గరగా ఉండాలని, సెలవు రోజుల్లో తెరిచి ఉండాలని, పుస్తకంతో పాటు ఏదైనా నేర్చుకునే వీలుండాలని ప్రజలు చెప్పారు. ఆ మాటల ఆధారంగా ‘ఐడియా స్టోర్’ పేరుతో కొత్త గ్రంథాలయాలు కట్టారు. మొదటిది 2002లో బో ప్రాంతంలో, పెద్దది 2005లో వైట్‌చాపెల్ సంత వీధిలో ప్రారంభమయ్యాయి. వలస కుటుంబాల పిల్లలు హోంవర్కు చేసుకునే చోటు, తల్లులు భాష నేర్చుకునే చోటు ఒకే కప్పు కింద ఏర్పడ్డాయి.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో 2011లో ‘తియోత్రెట్టన్’ అనే గ్రంథాలయం తెరిచారు. అది పది నుంచి పదమూడేళ్ల పిల్లలకే. పెద్దలకు లోపల ప్రవేశం లేదు. పుస్తకాలతో పాటు వంటగది ఉంది, కుట్టుపని చేసుకునే వీలుంది. అమెరికాలోని షికాగో ప్రధాన గ్రంథాలయంలో 2009లో ‘యూమీడియా’ పేరుతో ఉన్నత పాఠశాల విద్యార్థులకు ప్రత్యేక స్థలం కేటాయించారు. పిల్లలు ముందు ఊరికే వచ్చి కూర్చుంటారు. తరువాత కెమెరాతోనో, పాటతోనో ఏదో ప్రయత్నిస్తారు. ఆసక్తి కుదిరితే లోతుగా నేర్చుకుంటారు. ఊరికే కూర్చోవడం కూడా చదువుకు మొదటి మెట్టేనని వారు ఒప్పుకున్నారు. షికాగో 2019లో, న్యూయార్కు 2021లో ఆలస్య రుసుములను రద్దు చేశాయి. రుసుము కట్టలేని పేద పిల్లలే గ్రంథాలయానికి దూరమవుతున్నారని గ్రహించడమే అందుకు కారణం.

అంత దూరం పోకుండా మన పొరుగు చూద్దాం. ఔరంగాబాదులో 2021 నుంచి మొహల్లా బాల గ్రంథాలయాలు పదుల సంఖ్యలో వెలిశాయి. అందులో ముందుండి నడిపింది ఒక పాఠశాల విద్యార్థిని. ముస్లిం పేటలలో, చిన్న గదులలో, కొన్ని వందల పుస్తకాలతో అవి మొదలయ్యాయి. ఆ ఊరి పిల్లలు చేయగలిగింది కర్నూలులో, కడపలో, నిజామాబాదులో, గుంటూరులో మన పిల్లలు చేయలేరా?

ఇక మనం కోరవలసినవి, చేయవలసినవి చెప్పుకుందాం.

మొదటిది, స్థలం. ప్రతి శాఖా గ్రంథాలయంలో కౌమార పాఠకులకు ఒక గది, గది లేకపోతే ఒక మూల, సాయంత్రం వేళ కేటాయించాలి. బడి వదిలిన తరువాత తెరిచి ఉండని గ్రంథాలయం బడి పిల్లలకు లేనట్టే. ఆడపిల్లలకు వెలుతురున్న దారి, శుభ్రమైన మరుగుదొడ్డి, గ్రంథాలయంలో ఒక మహిళా ఉద్యోగి ఉండాలి. ఇవి లేకుండా ‘ఆడపిల్లలు రావడం లేదు’ అని నమోదు చేయడం న్యాయం కాదు.

రెండవది, నియమాలు. సభ్యత్వానికి ధరావత్తు, పూచీకత్తు అడిగితే ఆటో నడిపే తండ్రి, బీడీలు చుట్టే తల్లి వెనకడుగు వేస్తారు. బడి గుర్తింపు కార్డుతోనే సభ్యత్వం ఇవ్వాలి. ఆలస్యమైతే జరిమానాకు బదులు ఒక పూట పుస్తకాలు సర్దే పని ఇవ్వవచ్చు.

మూడవది, ఎంపిక. పుస్తకాల కొనుగోలులో పిల్లల మాట చెల్లాలి. ప్రతి గ్రంథాలయంలో అయిదారుగురు విద్యార్థులతో సలహా బృందం ఉండాలి. అందులో సగం మంది ఆడపిల్లలు కావాలి. ఏ పుస్తకం కావాలో వారు రాసి ఇవ్వాలి, ఎందుకు తెప్పించలేదో గ్రంథపాలకుడు వారికి చెప్పాలి.

నాలుగవది, భాష. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా గుర్తించాయి. ఆ గుర్తింపు నామఫలకాల మీదనే ఆగిపోకూడదు. పదిహేనేళ్లవారు ఇష్టంగా చదివే ఉర్దూ పుస్తకాలు అల్మారాలోకి రావాలి. ఉర్దూ ఇంట్లో మాట్లాడుతూ లిపి రాని పిల్లలు వేలాదిగా ఉన్నారు. వారికి సెలవుల్లో లిపి నేర్పే తరగతి గ్రంథాలయంలోనే జరగవచ్చు. అలాగే ఇంటి భాష తెలుగే అయిన ముస్లిం కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ పిల్లలకు తమ జీవితం తెలుగు పుస్తకంలో కనిపించాలి. కావలి పట్టణపు బాల్యాన్ని చెప్పిన మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’, 2004లో వెలువడిన ముస్లిం కథల సంకలనం ‘వతన్’ వంటి పుస్తకాలు ఎన్ని శాఖా గ్రంథాలయాలలో ఉన్నాయి? వాటిని మన పిల్లలే కాదు, మన పిల్లల పక్క బెంచీలో కూర్చునే పిల్లలు కూడా చదవాలి. ఒకరి ఇంటిని మరొకరు లోపలి నుంచి చూసే కిటికీ కథ ఒక్కటే.

ఐదవది, సాంకేతికత. ‘అన్నీ ఫోనులో ఉన్నాయి, ఇంకా గ్రంథాలయమెందుకు?’ అని కొందరంటారు. ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహణలోని జాతీయ డిజిటల్ గ్రంథాలయం 2018 నుంచి అందరికీ ఉచితంగా తెరిచి ఉంది. 2023-24 కేంద్ర బడ్జెటులో బాలలకు, కౌమారులకు జాతీయ డిజిటల్ గ్రంథాలయం ప్రకటించారు. పంచాయతీ, వార్డు స్థాయిలో గ్రంథాలయాలు నెలకొల్పేలా రాష్ట్రాలను ప్రోత్సహిస్తామన్నారు. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రితో పాటు పనికి పోతుంది. తిరిగి వచ్చాక అది అన్న చేతికి వెళుతుంది. చెల్లెలి వంతు ఎప్పుడో! కంప్యూటరు, ఇంటర్నెట్టు, వాటిని వాడటం నేర్పే మనిషి ఉన్న గ్రంథాలయం ఉంటేనే ఆ డిజిటల్ సంపద పేద ఇంటి ఆడపిల్లకు చేరుతుంది. ఫోనులో వచ్చిన వార్త నిజమో అబద్ధమో పరిశీలించడం నేర్పవలసిన చోటు కూడా అదే. వదంతుల వల్ల ఎక్కువగా నష్టపోతున్న సమాజానికి ఆ విద్య ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. ‘పిల్లలు అక్కడ ఏం చదువుతారో, ఎవరితో కూర్చుంటారో’ అన్న భయం సహజమే. దానికి మందు తలుపు మూయడం కాదు, మనమూ ఆ గుమ్మం ఎక్కడం. నెలకొకసారి తల్లులు కూడా గ్రంథాలయానికి వచ్చే సాయంత్రం ఒకటి పెట్టుకుందాం. పుస్తకం తెచ్చిన పిల్లను ‘పరీక్షకు పనికొస్తుందా?’ అని ప్రశ్నించడం మాని, ‘అందులో ఏముందో చెప్పమ్మా’ అని అడుగుదాం.

మరొక ప్రశ్న కూడా వస్తుంది. మనకు మనం వేరే గ్రంథాలయాలు పెట్టుకుంటే సరిపోదా? షాదీఖానాలోనో, మసీదు కమిటీ గదిలోనో, వక్ఫ్ భవనంలోనో అధ్యయన గది తెరవడం మంచిదే. వెంటనే చేయవలసిన పని కూడా. అయితే అది పౌర గ్రంథాలయానికి మెట్టు కావాలే తప్ప బదులు కాకూడదు. మనం వేరే గది కట్టుకున్నామని ప్రభుత్వం తన బాధ్యత నుంచి తప్పుకోరాదు. అన్ని మతాల, అన్ని కులాల పిల్లలు ఒకే బల్ల చుట్టూ కూర్చునే అవకాశం ఊళ్లలో తగ్గిపోతోంది. అటువంటి బల్ల మిగిలి ఉన్న చోట్లలో పౌర గ్రంథాలయం ఒకటి. దాన్ని వదులుకోవడం మన పిల్లలకే నష్టం.

కనుక ఈ సభ నుంచి వెళ్లేలోగా మూడు పనులకు పూనుకుందాం. మన పురపాలక సంఘం, మన పంచాయతీ గ్రంథాలయ పన్నుగా ఎంత వసూలు చేశాయో, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత జమ చేశాయో సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. ప్రతి పేట నుంచి పదిమంది పిల్లలను ఈ నెలలోనే సభ్యులుగా చేర్పిద్దాం. అడిగే పాఠకుడు లేనిచోట గ్రంథాలయం మారదు. కౌమార విభాగం కావాలన్న వినతిపత్రం మీద మనకంటే ముందు విద్యార్థుల చేత సంతకాలు చేయిద్దాం. దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షులకు వారే స్వయంగా అందజేయాలి. మనం వెంట ఉందాం, వెనుక నిలబడదాం.

 ఇక ముందు వరుసలోని పిల్లలు మాట్లాడాలని, ఏ పుస్తకాలు కావాలో ఈ వేదిక మీదే చెప్పాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం. ఖుదా హాఫిజ్.