ఆవకాయ: కొలతయు తూనికయు



వేసవి వచ్చినదనగా తెలుగునాట నింటింట ఆవకాయ ప్రయత్నము మొదలగును. మన పెద్దలు మామిడి ముక్కలను, ఉప్పును, కారమును, ఆవపిండిని మానికతోనో సోలతోనో కొలిచి కలుపుచుండిరి. నేడు అంగడిలో నివి యన్నియు కిలోగ్రాముల లెక్కన దొరకుచున్నవి. దూరదేశమున కాపురముండు కుమార్తె "అమ్మా, కిలో ముక్కలకు ఉప్పెంత?" అని యడుగును. తల్లి "నాలుగు మానికలకు అరమానిక" యని చెప్పును. తల్లి చెప్పినది కొలత. బిడ్డ యడిగినది తూనిక. ఈ రెంటిని పొసగించుట యెట్లో విచారింతము.

నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచము. ఇవి కొలతలు. తులము, పలము, వీశె, మణుగు అనునవి తూనికలు. వీశెకు 120 తులములు. అనగా సుమారు 1,400 గ్రాములు. శేరను మాట మాత్రము కొలతకును తూనికకును గూడ చెల్లినది. 1956వ సంవత్సరపు చట్టముతో దేశమంతటికి కిలోగ్రాము, లీటరు ప్రమాణములైనవి గాని, వంటయింటి మానిక మారలేదు. అదియైనను అన్ని సీమలలో నొక్క పరిమాణము కాదు.

లీటరు నీరు కిలోగ్రాము తూగును. దీనినిబట్టి లీటరు పట్టు పాత్రలో నేమి పోసినను కిలోయే యగునని కొందరు తలతురు. అది పొరపాటు. నీరు సందు విడువక నిండును. మామిడిపండు గుజ్జును ఇంచుమించు నట్లే నిండి, నీటికంటె కొంచె మెక్కువ తూగును. ముక్కలు నిండినప్పుడో, నడుమ గాలి నిలుచును; కావున తక్కువ తూగును. పెద్ద ముక్కలకంటె చిన్నముక్కలు, వదులుగా పోసినవానికంటె కుదించినవి యెక్కువ తూగును. మెత్తని యుప్పు లీటరు సుమారు 1,200 గ్రాములు తూగును; కల్లుప్పు సందుల మూలమున నంతకు తక్కువ.

ఒక లెక్క చూడుడు. లీటరు పాత్రతో నాలుగు పాత్రల ముక్కలకు అరపాత్ర మెత్తని యుప్పు వేయు నలవాటు గలదనుకొందము. పాత్రెడు ముక్కలు 600 గ్రాములు తూగినచో నాలుగు పాత్రలు 2,400 గ్రాములు. అరపాత్ర యుప్పు 600 గ్రాములు. అనగా కిలో ముక్కలకు 250 గ్రాముల యుప్పు. తూచి చూడక, లీటరే కిలో యనుకొన్నవారు నాలుగు కిలోల ముక్కలకు అరకిలో యుప్పు వేయుదురు. కిలోకు పడునది 125 గ్రాములే; సరిగా సగము. ఉప్పు చాలని జాడీ బూజు పట్టును. ఏడాది కూర చెడును.

కావున మీ యింటి పాత్రనే ప్రమాణముగా గొనుడు. ఖాళీపాత్రను తూచి, అంచుకు సమముగా నింపి మరల తూచి, మొదటి తూనికను తీసివేయుడు. ఇట్లు మూడుమార్లు చేసి, మొత్తమును మూడింట భాగింపుడు. ముక్కలకు, ఉప్పునకు, కారమునకు, ఆవపిండికి వేరువేరుగా తూచవలెను. జీడియు పొరయు తీసి, తుడిచి ఆరబెట్టిన ముక్కలనే తూచవలెను గాని, అంగడిలో కాయలుగా తూచిన లెక్క పనికిరాదు. శిఖ నిలిపి కొలుచు నలవాటున్న యింట నట్లే నింపి తూచవలెను. ఉప్పు కల్లుప్పో, మెత్తనిదో తప్పక వ్రాయవలెను.

ఇంటి పెద్దలారా! చేతి యందాజుతో దశాబ్దములుగా జాడీలు నింపిన వృద్ధురాలు మీ యింట నున్నచో, ఈ వేసవిలో నామె కొలుచుచుండగా ప్రక్కన త్రాసు పెట్టుడు. ఆమె చేతిని ఆపవలదు, దిద్దవలదు. ఆమె కొలిచినదానిని తూచి, కిలో ముక్కలకు ఏది యెంతో నాలుగు పంక్తులు వ్రాసి బిడ్డలకు పంపుడు. మానిక యే యింటి కాయింటిది. తూనిక యెచ్చటనైన నొక్కటే. ఆ కాగిత మున్నచో నెంత దూరమున నున్నను ఆ యింటి రుచి తప్పదు.